పనిమనుషుల హాజరు యాప్: లాంచ్‌కి ముందే ఏమేం ఆలోచించాలి?

మీ ప్రశ్న చదవనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. కొండాపూర్‌లో మీరు నలుగురు కలిసి గేటెడ్ కమ్యూనిటీల కోసం ఒక యాప్ తయారుచేశారు. ఇంటి పనికి వచ్చేవాళ్ల ముఖాన్ని గేటు దగ్గర కెమెరా గుర్తుపడుతుంది, హాజరు పడుతుంది, ఫ్లాటు వాళ్ల ఫోనుకు మెసేజ్ వెళ్తుంది, నెలాఖరుకు ఎన్ని రోజులు వచ్చారో లెక్క వస్తుంది. ఆపైన స్టార్ రేటింగ్ కూడా ఉంది. నల్లగండ్ల వైపు మూడు సొసైటీలు సరే అన్నాయి. ఇంతలో పెట్టుబడి పెడతానన్న ఆవిడ ‘దీనివల్ల రాగల పరిణామాల గురించి ఏం ఆలోచించారు?’ అని అడిగారు. మీ చివరి మాట ఇది: ‘జరగబోయేదంతా ముందే ఎవరు చెప్పగలరు సార్, లాంచ్ చేశాక ఏదైనా తేడా వస్తే సరిచేసుకుంటే చాలదా?’

చాలదు. నేను జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు బల్క్ డ్రగ్ కంపెనీల్లో, అంటే మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీల్లో, చాలా ఏళ్లు ప్రాసెస్ సేఫ్టీ పని (పేలుళ్లు, లీకులు జరగకుండా చూడటం) చూసినవాణ్ణి. ఇప్పుడు స్టార్టప్‌ల వాళ్లు పిలిస్తే వెళ్లి కూర్చుంటున్నాను. అందుకే నా ఉదాహరణలు మాటిమాటికీ రియాక్టర్ల దగ్గరికి పోతుంటాయి, కాస్త ఓర్చుకోండి.

‘తర్వాత చూసుకుందాం’ అనేది సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఊతపదం అయిపోయింది. బటన్ రంగు విషయంలో తప్పేం లేదు. మనుషుల జీతం, పరువు, ఒక్కోసారి పోలీస్ స్టేషన్ ముడిపడ్డ చోట మాత్రం కుదరదు. డేవిడ్ కాలింగ్‌రిడ్జ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1980లోనే ఈ ఇరకాటాన్ని చెప్పాడు. కొత్త టెక్నాలజీ చిన్నగా ఉన్నప్పుడు ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు, కానీ అది ఏం చేస్తుందో అప్పటికి తెలియదు. తెలిసేసరికి అది అందరి పనుల్లో అల్లుకుపోయి ఉంటుంది, కదిలించడం ఎవరి వల్లా కాదు. మీకు ఇప్పుడున్నవి మూడు సొసైటీలు. ముప్పై అయ్యాక రేటింగ్ తీసేస్తామంటే అన్ని కమిటీలూ మీ మీద పడతాయి.

2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్‌లో జీతాలు ఆగినవాళ్లు ఐదు వేలు, పది వేలు అప్పు తీసుకున్నారు. యాప్ వేసుకునేటప్పుడే ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు చూస్తామని అనుమతి అడిగేవాళ్లు. ఒప్పుకుంటేనే డబ్బు. వాయిదా తప్పగానే అత్తగారికి, ఆఫీసు మేనేజరుకు, ఎప్పుడో నంబర్ సేవ్ చేసుకున్న ప్లంబర్‌కు కూడా ఫోన్లు వెళ్లాయి. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. రిజర్వ్ బ్యాంకు 2021 జనవరిలో వర్కింగ్ గ్రూపు వేసింది. కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్లు ముట్టుకోకూడదని 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. గూగుల్ ప్లే తన నిబంధనల్లో పర్సనల్ లోన్ యాప్‌లకు కాంటాక్టులు, ఫోటోలు బంద్ చేసింది 2023 మే 31 నుంచి.

అంటే కోడ్‌లో ఒక్క అనుమతిని వెనక్కి తీసుకోవడానికి రెండేళ్లకు పైగా పట్టింది. ఆ లైను రాసిన కుర్రాడు దుర్మార్గుడే అయి ఉండాలని లేదు. క్రెడిట్ స్కోరు లేనివాడికి అప్పివ్వాలంటే ఏదో ఒక ఆధారం కావాలి కదా అనుకుని ఉండొచ్చు. వసూళ్ల విభాగంలో ఇంకొకడు కూర్చుంటాడని, వాడికి నెలవారీ టార్గెట్ ఉంటుందని, ఆ జాబితా వాడి చేతికి వెళ్తే ఏం చేస్తాడని ఆ గదిలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే జవాబు చెప్పడానికి జ్యోతిష్యం రావలసిన పనిలేదు.

మరి ఎలా అడగాలి? రసాయన ఫ్యాక్టరీల్లో దీనికి హాజాప్ అని ఒక పద్ధతి ఉంది. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీలో 1960ల్లో పుట్టింది. ప్లాంటు డ్రాయింగ్ ముందు పెట్టుకుని, ఒక్కో పైపు దగ్గర ఆగి, కొన్ని మొద్దు ప్రశ్నలు వరసగా వేస్తాం. ఇందులోకి రావలసింది రాకపోతే? ఎక్కువొస్తే? తక్కువొస్తే? వెనక్కి పారితే? దానితోపాటు ఇంకోటి కలిసొస్తే? అసలు వేరేదే వస్తే? ప్రతిదానికీ కారణం ఏమై ఉండొచ్చు, జరిగితే ఎవరికి ఏమవుతుంది, ఆపడానికి ఇప్పుడు ఏముంది, ఇంకేం కావాలి, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా. ఇదంతా పట్టికలో రాస్తాం. పరమ బోరు పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక సగం మంది కునికిపాట్లు పడుతుంటారు. కానీ తెలివైనవాళ్లు తెల్లకాగితం ముందు కూర్చుని ‘ఏమేం జరగొచ్చు’ అని బుర్ర బద్దలుకొట్టుకున్నా తట్టనివి ఈ ప్రశ్నలకు తడతాయి.

మీ యాప్‌లో ఒక్క పైపు పట్టుకుందాం: ముఖం చూసి హాజరు వేయడం.

రాకపోతే? డిసెంబరులో పొద్దున్న ఆరున్నరకు సరిగ్గా వెలుతురు రాదు. లింగంపల్లి నుంచి షేర్ ఆటోలో చలిగాలికి తలకు స్కార్ఫ్ చుట్టుకుని వచ్చిన మనిషి, బుర్ఖాలో వచ్చిన మనిషి, జలుబు చేసి మాస్కు పెట్టుకున్న మనిషి ఒకే లైనులో ఉంటారు. కెమెరా ఒకరిని గుర్తుపట్టదు. సెక్యూరిటీ అతను రిజిస్టర్ తీసి రాయాలి, కానీ యాప్ వచ్చిందని రిజిస్టర్ తీసేశారు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే ఎత్తడు. ఆమె పది నిమిషాలు పక్కన నిలబడుతుంది. నాలుగు ఇళ్లలో పని, మొదటి ఇల్లు ఆలస్యమైతే నాలుగూ ఆలస్యమే. ఫ్లాటు ఆవిడ ఫోనుకు మాత్రం ‘ఇంకా రాలేదు’ అనే వెళ్తుంది. ఆలస్యం మెషీనుదని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. లెక్క కూడా వేసుకోండి. రోజుకు ఆరువందల మంది వచ్చే సొసైటీలో మీ కెమెరా వందకు ఒక్కసారే తడబడినా రోజుకు ఆరుగురు. మీ డెమోలో ఇది కనపడదు, ఎందుకంటే మీ నలుగురి ముఖాలూ లైటు కింద చక్కగా ఉంటాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2019లో 189 అల్గారిదమ్‌లను పరీక్షించి, చాలావాటిలో జాతి, లింగం, వయసును బట్టి పొరపాట్ల రేటు మారుతోందని తేల్చింది. మీరు కొన్నది ఏ ముఖాల మీద పరీక్షించారో అమ్మినవాణ్ణి అడిగారా?

ఎక్కువైతే? ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లకు తొందరగా తట్టదు, సమాచారం ఎక్కువైతే మంచిదే అనుకుంటారు. ఇప్పటిదాకా ‘ఏడింటికల్లా వస్తుంది’ అని ఒక లెక్క ఉండేది. మీ యాప్ వచ్చాక అది 7:09, 7:14, 7:11 అవుతుంది. నిమిషాలు కళ్లముందు కనిపిస్తుంటే ఎవరో ఒకరు వాటిని రూపాయల్లోకి మారుస్తారు. హాజరు కోసం పెట్టింది కాస్తా ఫ్యాక్టరీ పంచింగ్ మెషీన్ అవుతుంది. సర్వీస్ లిఫ్టు కోసం కింద పావుగంట నిలబడ్డది దేంట్లోనూ రికార్డు కాదు. రోజు వచ్చిందా రాలేదా అన్నది చాలు, నిమిషాలు చూపించకండి.

వెనక్కి పారితే? ఈ ప్రశ్న దగ్గర మంచి కూడా బయటపడుతుంది. ఇప్పుడు మీ యాప్‌లో లెక్క ఆమె దగ్గర నుంచి ఫ్లాటు వైపే పారుతోంది. అదే లెక్క ఆమె వైపు కూడా పారితే? ‘ఈ నెల మూడు రోజులు రాలేదు కదా’ అని కోసేటప్పుడు ‘ఒక్కరోజే మానేశాను, ఇదిగో’ అని చూపించుకోగలదు. జీతం ఏ తేదీన ఇచ్చారో కూడా అందులో పడితే ఇంకా మంచిది. పరిణామాలు ఆలోచించడమంటే భయాలు ఏరడమే అనుకుంటారు చాలామంది. మీ వస్తువు ఇంకెవరికి పనికొస్తుందో కూడా ఇక్కడే దొరుకుతుంది.

ఇంకోటి కలిసొస్తే? ఒక ఫ్లాటులో గొలుసు పోతుంది. మొట్టమొదట అడిగేది మీ లాగ్‌నే. ఆ పూట బ్లాకులోకి వెళ్లిన పదకొండు మంది పేర్లు, ఫోటోలు ఐదు నిమిషాల్లో కమిటీ వాట్సాప్ గ్రూపులోకి వస్తాయి. గొలుసు మర్నాడు బీరువా వెనక దొరికినా ఆ ఫోటోలు గ్రూపులో నుంచి పోవు. అలాగే, ఒంటరిగా అద్దెకుండే అమ్మాయి ఇంటికి ఎవరు ఎప్పుడు వస్తారో, పనిమనిషి ఎన్ని గంటలకు వెళ్లిపోతుందో సెక్రటరీకి, సూపర్‌వైజర్‌కు, గేటు దగ్గర ట్యాబ్ పట్టుకున్న ప్రతివాడికీ తెలుస్తుంది. మీరు పనిమనుషుల యాప్ అనుకుంటున్నారు, ఫ్లాటు వాళ్ల రాకపోకల చిట్టా కూడా అదే.

వేరేది వస్తే? తల్లికి జ్వరం, కూతురు వచ్చింది. పదమూడేళ్లు. మీ యాప్ ఏం చేస్తుంది? రానివ్వకపోతే ఆ ఇంట్లో ఆ నెల పని పోతుందేమో. ‘తాత్కాలిక సహాయకురాలు’ అని ఫోటో తీసి రిజిస్టర్ చేసుకుంటే పద్నాలుగేళ్లలోపు పిల్లను పనిలోకి తీసుకున్నట్టు మీరే రికార్డు పెట్టినట్టు. సెక్యూరిటీ అతను ఊరికే గేటు తీసేస్తే మీ వ్యవస్థ ఉత్తుత్తిదే. దీనికి నా దగ్గరా రెడీమేడ్ జవాబు లేదు. కానీ గేటు దగ్గర ఉన్న అతని నెత్తిన ఈ నిర్ణయం వేసి మీరు తప్పుకోకూడదు. సొసైటీతో ముందే మాట్లాడి రాసుకోవాలి, తల్లికి ఆ రోజు జీతం కోయకూడదన్నది కూడా అందులో ఉండాలి.

చూశారా, ఒక్క పైపుకే ఇంత. మెసేజ్‌లు, నెల లెక్క, రేటింగ్, రిజిస్ట్రేషన్ ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇక ఈ కూర్చునే గదిలో ఎవరుండాలన్నది. హాజాప్‌లో డిజైన్ చేసినవాడు అధ్యక్షత వహించడు, తన బిడ్డ ముద్దు కదా. నైట్ షిఫ్ట్ ఆపరేటర్ తప్పకుండా ఉండాలి. డ్రాయింగ్‌లో లేనిది అతనికి తెలుసు: ఫలానా వాల్వ్ బిగుసుకుపోతే ఇనప రాడ్డు పెట్టి తిప్పుతారని, ఫలానా అలారం ఊరికే మోగుతుందని దాని నోరు నొక్కేశారని. మీ విషయంలో ఆ ఆపరేటర్లు పనికి వచ్చే ఆడవాళ్లు, గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్లు. క్లబ్‌హౌస్‌లో సెక్రటరీ గారి ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ‘మంచిగుంది సార్’ అంటారు, అంతే. వాళ్లుండే చోటికి వెళ్లండి. వాళ్ల టైముకు డబ్బివ్వండి. మీరు కన్సల్టెంటుకు ఇవ్వరా?

ఇలాంటి పనికే ఒక టీమ్‌తో కలిసి చందానగర్ వైపు ఒక బస్తీకి వెళ్లాను. స్క్రీన్ చూపించి అంతా వివరించాక ఒకావిడ అడిగింది: “ఓటీపీ నా ఫోనుకొస్తదంటున్నవ్ గదా సారూ. ఫోను మా పిలగాడు పట్కపోతడు. ఆడు కాలేజీ నుంచి వచ్చేదాంక నేను గేటుకాడ కూసోవాల్నా?” ఆ టీమ్ రిజిస్ట్రేషన్ మొత్తం మనిషికో ఫోన్ ఉంటుందన్న లెక్క మీద కట్టారు. పక్కనున్నావిడ స్టార్ రేటింగ్ గురించి ఇంకో మెట్టు ఎక్కింది: “చుక్కలు మాక్కూడ ఇయ్యనిస్తరా? పండుగకు డబల్ గిన్నెలేసి పైసలియ్యని ఇండ్లు ఏవో మేం గూడ రాస్తం.” అందరూ నవ్వారు. ప్రొడక్ట్ మేనేజర్ దాన్ని ఫీచర్ల లిస్టులో రాసుకున్నాడు. మర్నాడు కొట్టేశారు.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట. ప్రాసెస్ సేఫ్టీలో ట్రెవర్ క్లెట్జ్ పేరు వినని మనిషి ఉండడు, ఐసీఐలోనే పనిచేశాడు. మీ దగ్గర లేనిది లీక్ కాదు అన్నది ఆయన సూత్రం. భోపాల్ తీసుకోండి. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక బయటికి వచ్చిన మిథైల్ ఐసోసైనేట్ ఆ ఫ్యాక్టరీ అమ్మే సరుకు కాదు, మధ్యలో తయారయ్యే పదార్థం. ఒక్క ట్యాంకులోనే 40 టన్నుల దాకా నిల్వ పెట్టారు. విషవాయువును కడిగే స్క్రబ్బర్ పనిచేసిందా, దాన్ని కాల్చేసే ఫ్లేర్ పనిచేసిందా అని ఎంత చర్చించినా, అంత నిల్వే లేకపోతే అంత ఘోరం జరిగేది కాదు. కాపలా పెంచడం రెండో పని, నిల్వ తగ్గించడం మొదటి పని.

మీకు అసలు ముఖం ఎందుకు? గేటు దగ్గర మనిషిని గుర్తుపట్టడానికి ప్లాస్టిక్ కార్డు మీద క్యూఆర్ సరిపోతుంది. కార్డు పోతే ఇంకోటి ఇస్తారు. ముఖం డేటా బయటికి పోతే ఇంకో ముఖం ఎక్కడి నుంచి తెస్తారు? ‘కార్డు ఒకరిది ఇంకొకరు వాడతారు’ అంటారు. వాడనివ్వండి, సెక్యూరిటీ అతను ఫోటో చూసి పోల్చుకుంటాడు. ఆధార్ జిరాక్సు ఎందుకు తీసుకుంటున్నారు? ఊరి అడ్రసు ఎందుకు? భర్త పేరు ఎందుకు? ‘ఎప్పుడైనా పనికొస్తుందని’ అన్న జవాబు వచ్చిన ప్రతి కాలమ్‌నూ కొట్టేయండి. హాజరు లాగ్ ఆ నెల జీతం అయిపోయి, తగాదా ఏదీ లేదని తేలాక తనంతట తనే చెరిగిపోవాలి. పోలీసులు వచ్చి రెండేళ్ల కిందటి లాగ్ అడిగితే ‘లేదండీ, ఉంచుకోం’ అన్న జవాబు ఉన్నంత ధైర్యం ఏ ఎన్‌క్రిప్షన్ వల్లా రాదు. ఇది చేస్తే పైన వేసిన ప్రశ్నల్లో సగం ఎగిరిపోతాయి.

పొరపాటు జరిగితే దిద్దుకునే దారి గురించి. మన రాష్ట్రంలోనే రేషన్ కార్డుల ఉదంతం ఉంది. వేర్వేరు శాఖల డేటాబేసులు కలిపి అనర్హులను ఏరే సాఫ్ట్‌వేర్ వాడారు. కంప్యూటర్ చెప్పిందని, ఇంటికి వెళ్లి చూడకుండానే కార్డులు తీసేశారన్న కేసులో, రద్దైన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారుందని రికార్డుల్లో వచ్చింది. పేర్లు దగ్గరగా ఉన్న ఇంకెవరిదో కారు అది. పేర్లు పోల్చే ప్రోగ్రాంలో పొరపాటు రావడం సహజం, అందులో వింతేమీ లేదు. కానీ కార్డు పోయిన మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలి? డీలర్ ‘సిస్టంలో లేదు’ అంటాడు, ఆఫీసులో ‘పైనుంచి వచ్చింది’ అంటారు. మీ యాప్‌లో ‘నిరోధించబడింది’ అని ఎర్రగా వచ్చిన రోజు లక్ష్మమ్మ అనే ఆవిడ ఎవరికి ఫోన్ చేయాలి? తెలుగులో, ఉర్దూలో మాట్లాడే మనిషి ఉన్నాడా? ఆ మనిషికి అక్కడికక్కడ గేటు తెరిపించే అధికారం ఉందా? తేలేదాకా ఆమె పనిలోకి వెళ్లాలి, బయట నిలబడకూడదు.

పటాన్‌చెరులో నేను కళ్లారా చూసిన పాఠం ఇంకోటి. చుట్టుపక్కల తొంభై దాకా బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలం శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు అక్కడ ఉంది. బీఓడీ, సీఓడీ, పీహెచ్ లాంటి నీటి కాలుష్యపు కొలతలన్నీ తీసేవాళ్లు, రిపోర్టులు రాసేవాళ్లు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ ప్లాంటు నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీటిని పరీక్షించి చూస్తే సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. కొన్ని బ్యాక్టీరియాలకు విషమయ్యే మోతాదుకు వెయ్యి రెట్ల పైన. మందులకు లొంగని సూక్ష్మజీవులను పెంచడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. అన్నేళ్లూ అది ఎందుకు బయటపడలేదంటే, కొలవవలసిన వాటి పట్టికలో యాంటీబయాటిక్ అనే వరుసే లేదు.

మీ డాష్‌బోర్డులో ఇప్పుడేమున్నాయి? రోజువారీ వాడకం, ఎన్ని సొసైటీలు, ఎంత నెలసరి ఆదాయం. గేటు దగ్గర ఐదు నిమిషాలకు మించి ఆగినవాళ్లు ఎందరు, చేతితో గేటు తెరవాల్సి వచ్చింది ఎన్నిసార్లు, యాప్ పెట్టిన మూడు నెలల్లో పని మానేసినవాళ్లు ఎందరు, జీతం కోతలు పెరిగాయా అన్నవి లేవు. ఆ వరుసలు పెట్టండి. పెట్టుబడి పెట్టేవాళ్లకు పంపే నెల రిపోర్టులో కూడా అవి ఉండాలి.

రేటింగ్ మాటకొస్తే, తీసేయండి. ఇందులో నేను బేరాలకు రాను. క్యాబ్ డ్రైవర్‌కు స్టార్లు ఇస్తున్నారు కదా అంటారు. క్యాబ్‌లో మీకూ డ్రైవర్‌కూ ఉన్న సంబంధం అరగంట. ఇక్కడ రోజూ ఇంట్లోకి వచ్చే మనిషి. జీతం ఐదొందలు పెంచమని అడిగిన నెలలో ఐదు స్టార్లు మూడవుతాయి, ఎందుకని ఎవరూ అడగరు. ఇప్పుడైతే ఒకింట్లో పొసగకపోతే పక్క బ్లాకులో పని వెతుక్కుంటుంది. మీ స్కోరు ఆమెకంటే ముందే ఆ గడపలు ఎక్కుతుంది. దాన్ని చెరిపే హక్కు ఆమెకు లేదు, తిరిగి రేటింగ్ ఇచ్చే హక్కు లేదు, అసలు ఎంతుందో చూసుకునే ఫోను కూడా సరిగా లేదు. దీన్ని ‘పారదర్శకత’ అని స్లైడులో రాసుకుంటే రాసుకోండి, నేనైతే బ్లాక్‌లిస్టు అంటాను.

చిన్న మార్పుల దగ్గర జాగ్రత్త. 1974 జూన్ 1న ఇంగ్లండ్‌లో ఫ్లిక్స్‌బరో రసాయన ఫ్యాక్టరీ పేలి 28 మంది చనిపోయారు. వరసగా ఉన్న రియాక్టర్లలో ఐదోది పగుళ్లిస్తే దాన్ని తీసేసి, నాలుగునూ ఆరునూ కలుపుతూ తాత్కాలికంగా ఒక పైపు వేశారు. కొత్త ప్లాంటు కట్టేటప్పుడు చేసే లెక్కలేవీ ఆ పైపుకు చేయలేదు, ‘తాత్కాలికమే కదా’ అని. మీ యాప్‌లో అలాంటి పైపులు అప్‌డేట్‌ల రూపంలో వస్తాయి. ఏదో సొసైటీ ‘డెలివరీ పిల్లలకు కూడా పెట్టండి’ అంటుంది. ఇంకోటి ‘లిస్టు పక్క సొసైటీతో పంచుకుందాం’ అంటుంది. ఒక బీమా కంపెనీ డేటా అడుగుతుంది. ప్రతిదానికీ ఆ మొద్దు ప్రశ్నలు మళ్లీ మొదటి నుంచి వేయాలి. అరగంట పని.

చట్టం సంగతి లాయర్‌ను అడగండి, నేను రెండు ముక్కలే చెబుతాను. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, షరతు లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. అడిగే నోటీసు తెలుగు, ఉర్దూతో సహా ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలి. భద్రత విషయంలో అలసత్వానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ముఖం చూపించకపోతే పనిలోకి రానివ్వం అని చెప్పి తీసుకున్న సంతకాన్ని స్వేచ్ఛగా ఇచ్చిందని మీరు ఎవరి ముందు నిరూపిస్తారు? అందుకే కార్డు దారి తప్పనిసరిగా ఉండాలి, అదీ చిన్నచూపు లేకుండా.

ఇంత చేసినా తట్టనివి కొన్ని ఉంటాయి, ఆ మాటలో మీతో ఏకీభవిస్తాను. పశువుల నొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజక్షన్ ఇచ్చిన డాక్టరు, ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందు కిడ్నీలు పాడై చస్తుందని ఎలా ఊహిస్తాడు? దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అసలు కారణం 2004లో తేలింది, పశువుల వాడకానికి ఆ మందును 2006లో నిషేధించారు. అంతకుముందే 1990ల్లో భరత్‌పూర్ పక్షి కేంద్రంలో పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లు తగ్గుదల గమనించారు కాబట్టి అదైనా జరిగింది. అలా గమనించే కళ్లు మీకు కావాలి. ఒక్క సొసైటీలో మొదలుపెట్టండి. వారం వారం ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో, గేటు దగ్గర అతనితో మాట్లాడేందుకు మీ జీతం మీద లేని ఒక మనిషిని పెట్టండి. ఏం కనిపిస్తే ఆపేస్తారో ఇప్పుడే రాసి నలుగురూ సంతకం పెట్టండి: ఒక్క మనిషి ఫోటో గ్రూపులోకి పోయినా ఆపుతాం, చేతితో గేటు తెరవడం ఇంత శాతం దాటితే ఆపుతాం, అలా. ఆదాయం మొదలయ్యాక అలాంటి కాగితం ఎవరూ రాయరు, నాకు తెలిసి.

‘ఇదంతా చేస్తూ కూర్చుంటే బెంగళూరు వాళ్లు ముందు దిగిపోతారు’ అని మీ రెండో కామెంటులో ఉంది. దిగనివ్వండి. ముఖాలు, నిమిషాలు, రేటింగ్ తీసేస్తే మీ కోడ్ కూడా చిన్నదవుతుంది, సర్వర్ ఖర్చూ తగ్గుతుంది. పనిమనిషికీ లెక్క చూపించే యాప్ మీ వైపు ఇప్పటికి నాకైతే కనబడలేదు.

పెట్టుబడి పెట్టే ఆవిడకు ‘ఎథిక్స్’ అని హెడ్డింగు పెట్టి చేతులు కలిపిన బొమ్మ వేసిన స్లైడు పంపకండి. ఆ హాజాప్ ప్రశ్నల పట్టిక పంపండి, ఖాళీగా ఉన్న గడులతో సహా. ఏం తీసేశారో, ఎందుకు తీసేశారో, పదమూడేళ్ల పిల్ల విషయంలో ఇంకా ఏం తేలలేదో రాయండి. రేటింగ్ ఉంటేనే డబ్బు పెడతానని ఆవిడ అంటే, రేపు ఫోటో వాట్సాప్‌కెక్కిన రోజు ఆవిడ మీ వైపు నిలబడతారో లేదో మీకు ఇప్పుడే తెలిసిపోయినట్టు. ఇంకొక్కటి, లాంచ్ తేదీ జూన్ రెండో వారం అన్నారు. స్కూళ్లు తెరిచే వారం అది. పిల్లల్ని దింపి రావాలి కాబట్టి సగం మంది ఆలస్యంగా వస్తారు, పైగా వానలు మొదలు. మీ మొదటి నెల లెక్కంతా వాళ్ల మీదే పడుతుంది. జులై చివరికి జరపండి.